రేపా, ఎల్లుండా? రంజాన్ పండగ వెనుక ఉన్న నెల లెక్క, గింజ లెక్క

రంజాన్ నెల చివరికి వచ్చేసరికి ఏటా నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "పండగ ఎప్పుడు?" అని పక్కింటివాళ్లు అడుగుతారు, ఆఫీసులో సెలవు సర్దుకోవాల్సినవాళ్లు అడుగుతారు, ఎన్ని లీటర్లు ఎక్కువ వేయాలో తెలియక పాలాయన అడుగుతాడు. నా జవాబూ ఏటా ఒకటే: "రేపో ఎల్లుండో." ఇంతమంది చేసుకునే పండగకు ముందురోజు సాయంత్రం దాకా తేదీ తేలకపోవడమేమిటని అడిగినవాళ్లు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం న్యాయమైనదే. అందుకే కాస్త తీరిగ్గా చెప్పాలనిపించింది. తేదీ ఒక్కటే కాదు, ఫిత్రా అనే మాట చాలామంది వినే ఉంటారు గానీ అదేమిటో తెలిసినవాళ్లు తక్కువ. నా దృష్టిలో పండగకు ప్రాణం అక్కడే ఉంది.

ముందు పేరు సంగతి. రంజాన్ అనేది పండగ పేరు కాదు, నెల పేరు. ఇస్లామీ క్యాలెండర్‌లో తొమ్మిదో నెల. మనం రంజాన్ పండగ అని పిలుచుకునేది ఆ నెల వెళ్లిపోయాక, పదో నెల అయిన షవ్వాల్ మొదటి రోజున వస్తుంది. అసలు పేరు ఈద్-ఉల్-ఫితర్. ఫితర్ అంటే ఉపవాసం విడవడం. రాయలసీమలో మావాళ్లు రోజాను ఒక్కపొద్దు అంటారు. నెలపాటు తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టకుండా ఒక్కపొద్దులు ఉన్న మనిషి, పండగ రోజు మాత్రం ఉండకూడదు. ఆ రోజు ఉపవాసం నిషిద్ధం. తినడమే ఆనాటి విధి.

నెల అంటే చంద్రుడే

ఈ క్యాలెండర్ తెలుగువాళ్లకు అర్థం కానిదేమీ కాదు. మన భాషలో నెల అంటే చంద్రుడే కదా. నెలవంక, నెలరాజు, వెన్నెల, అన్నిట్లో ఉన్నది అతనే. గోడ మీది క్యాలెండర్‌లో తిరగేసే నెలకూ, ఆకాశంలో పెరిగి తరిగే నెలకూ ఒకే మాట పెట్టుకున్నవాళ్లం. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి నాడు, అంటే అమావాస్య వెళ్లగానే. షవ్వాల్ ఒకటో తేదీ కూడా అమావాస్య వెళ్లాక నెలవంకతోనే మొదలవుతుంది.

మరి ఉగాది ఎప్పుడూ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఉంటే, రంజాన్ ఎందుకు ఊళ్లు తిరుగుతుంది? కారణం అధిక మాసం. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, కొన్నిసార్లు 355. సూర్యుడి ఏడాది కంటే ఇది దాదాపు 11 రోజులు పొట్టి. మన పంచాంగం ఆ లోటు పేరుకుపోయినప్పుడల్లా, సుమారు 32, 33 నెలలకోసారి, ఒక అధిక మాసం వేసి ఋతువులతో సరిచేసుకుంటుంది. ఇస్లాంకు ముందు అరబ్బులు కూడా ఇలా నెలలను జరపడం, కలపడం చేసేవారు. నసీ అనేవారు దాన్ని. ఖురాన్‌లో తౌబా సూరా (అధ్యాయం) 36, 37 ఆయతులు (వాక్యాలు) నెలలు పన్నెండేనని చెప్పి ఆ పద్ధతిని తోసిపుచ్చాయి. అప్పటి నుంచి రంజాన్ ఏటా 10, 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతూ, 33 ఏళ్లకోసారి ఋతువులన్నీ చుట్టి వస్తోంది. రమజాన్ అన్న మాటకు మూలంలో మాడ్చేసే ఎండ అనే అర్థం ఉంది. ఇప్పుడు ఆ నెల చలికాలంలోనూ వస్తుంది, వానల్లోనూ వస్తుంది.

ఈ రెండు లెక్కలు ఎలా కలిసి, ఎలా విడిపోతాయో ఈ మధ్య ఏళ్లలో కళ్లకు కట్టినట్టు కనిపించింది. 2022లో ఉగాది ఏప్రిల్ 2న. మర్నాడే మొదటి రోజా. 2023లో ఉగాది మార్చి 22న, మొదటి రోజా 24న. అంటే చైత్రమూ రంజానూ జోడుగా నడిచాయి. 2023లోనే అధిక శ్రావణం వచ్చింది. మన పంచాంగం ఒక నెల ఆగింది, ఇస్లామీ క్యాలెండర్ ఆగలేదు. దాంతో 2024లో ఉగాది ఏప్రిల్ 9న వస్తే, రంజాన్ నెల మొదలు కావడం కాదు, ముగిసి ఏప్రిల్ 11న పండగే వచ్చేసింది. 2025లో మార్చి 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్ పండగ. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం నాడు ఎదురింటి అత్తయ్య ఇచ్చిన ఉగాది పచ్చడి గిన్నెను మూతపెట్టి మగ్రిబ్ (సాయంత్రపు నమాజు వేళ) దాకా దాచుకుని, ఖర్జూరంతో ఉపవాసం విడిచాక తిన్నాం. ఆ గిన్నెలోనే మర్నాడు మా సేమియా వెళ్లింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఈ జంట మళ్లీ విడిపోతుంది. రంజాన్ జరుగుతూ జరుగుతూ 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో ఒకసారి మొదలవుతుంది. 2000లో ఒకే ఏడాది రెండు రంజాన్ పండగలు చూశాం, 2033లో మళ్లీ చూస్తాం.

ఈ తిరుగుడు వల్ల ఒక మేలు ఉంది. 2018లో రోజాలు మే, జూన్ నెలల్లో వచ్చాయి. హైదరాబాద్ ఎండలో 14 గంటలకు పైగా నీళ్లు లేకుండా ఉండాలి. డిసెంబరులో వస్తే పన్నెండు గంటల చిల్లరతో పోతుంది. భూమికి ఆ పక్క, దక్షిణాన ఉన్న దేశాలకు ఇది తలకిందులు. నెల ఒకే ఋతువులో నిలిచిపోయి ఉంటే కొందరికి ఎప్పుడూ సులువు, కొందరికి ఎప్పుడూ కష్టం అయ్యేది. జరగడం వల్ల కష్టమూ సుఖమూ అందరి వాకిట్లోకీ వంతులవారీగా వస్తాయి.

ఇరవై తొమ్మిదో సాయంత్రం

చంద్రుడి చుట్టు సగటున 29 రోజుల పన్నెండున్నర గంటల పైచిలుకు. అందుకే నెలకు 29 రోజులు ఉండొచ్చు, 30 ఉండొచ్చు, 31 మాత్రం ఉండవు. ప్రవక్త చెప్పిన మాట సూటిగా ఉంటుంది: నెలవంకను చూసి ఉపవాసాలు మొదలుపెట్టండి, చూసి విడవండి, మబ్బు కమ్మితే ముప్ఫై పూర్తి చేయండి. కాబట్టి 29వ రోజా విడిచాక అందరూ పడమటికి తిరుగుతారు.

కర్నూలు పక్కన మా ఊళ్లో చెరువుకట్ట ఎక్కేవాళ్లం. సూర్యుడు దిగాక ఉండే సమయం చాలా తక్కువ, అరగంటో ఇంకాస్తో. ఆకాశం ఎర్రగా ఉన్నంతసేపు నెలవంక కనిపించదు, చీకటి పడేలోగా అదీ దిగిపోతుంది. ఆ మధ్యలో ఉన్న కొద్ది నిమిషాల్లో పట్టుకోవాలి. చూపు బాగున్న పిల్లలం మేమే ముందు. "ఆ తుమ్మచెట్టు కొమ్మకు పైన, బెత్తెడు ఎడంగా" అని ఒకడు వేలు చూపిస్తే, ఆ వేలి వెంట మా కళ్లు పోయేవి. గోటితో గీరినంత సన్నని గీత. ఒకసారి దొరికాక ఇంతసేపూ ఎలా కనపడలేదా అనిపిస్తుంది. జేజికి, అంటే మా అవ్వకు, కనిపించేది కాదు. మేం చూశామంటే చాలు, చేతులెత్తి దువా చేసుకునేది. ఇప్పుడు హైదరాబాద్‌లో మేడ మీదికి ఎక్కితే పడమర దిక్కంతా ఎత్తైన బిల్డింగులే. అందరం ఫోన్లు పట్టుకుని కబురు కోసం ఎదురుచూస్తున్నాం.

ఆ కబురు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్కో ప్రాంతంలో ఉలేమాలతో, అంటే మతపండితులతో, రుయత్-ఎ-హిలాల్ కమిటీలు ఉంటాయి. హిలాల్ అంటే నెలవంక, రుయత్ అంటే చూడటం. 29వ సాయంత్రం వాళ్లు కూర్చుని, ఎవరెవరు ఎక్కడ చూశారో సాక్ష్యాలు తీసుకుంటారు. దీనికి నియమాలున్నాయి. హనఫీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయంలో, మబ్బు పట్టిన రోజున, రంజాన్ మొదలుపెట్టడానికి నమ్మదగిన ఒక్కరి సాక్ష్యం చాలు. పండగకు మాత్రం ఒక్కరు చాలరు, ఇద్దరు మగవాళ్లో, ఒక మగవాడు ఇద్దరు ఆడవాళ్లో చెప్పాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఇద్దరు కూడా చాలరు, పెద్ద గుంపు చూసి ఉండాలి. అంత స్పష్టమైన ఆకాశంలో ఇద్దరికే ఎలా కనిపించిందన్నది అక్కడి ప్రశ్న. ఉపవాసం మొదలుపెట్టడానికి సులువుగా ఒప్పుకుని, విడవడానికి గట్టి రుజువు అడగడంలోని జాగ్రత్త చూడండి. పొరపాటు జరిగితే ఒక రోజా ఎక్కువ పడాలే గానీ తక్కువ పడకూడదు.

ఇక సౌదీలో ఒకరోజు, మనకు ఒకరోజు ఎందుకన్నది. 2023లోనూ, 2024లోనూ, 2025లోనూ సౌదీ మనకంటే ఒకరోజు ముందు. మక్కాలో పొద్దుగూకేది హైదరాబాద్ కంటే దాదాపు రెండున్నర గంటలు ఆలస్యంగా. ఆలోగా చంద్రుడు సూర్యుడి నుంచి ఇంకాస్త దూరం జరుగుతాడు, గీత ఇంకాస్త మందమవుతుంది. మనకు దొరకని నెలవంక వాళ్లకు దొరకడానికి అది ఒక కారణం. సాక్ష్యాలను ఎవరు ఎలా ఒప్పుకుంటారన్నది ఇంకో కారణం. 2024లో మన దేశంలోనే ఇది జరిగింది. ఏప్రిల్ 8 అర్ధరాత్రికి కాస్త ముందు అమావాస్య ముగిసింది. 9 సాయంత్రానికి చంద్రుడి వయసు పద్దెనిమిదిన్నర గంటలే, కంటికి అందీ అందని వయసు. కేరళలో, జమ్మూకశ్మీర్‌లో చంద్రదర్శనం అయిందని ప్రకటించి 10న పండగ చేసుకున్నారు. మనం ముప్ఫై నింపి 11న చేసుకున్నాం.

ఈ తేడా నేటిది కాదు. ప్రవక్త సహచరుల కాలంలోనే కురైబ్ అనే ఆయన సిరియా నుంచి మదీనాకు వచ్చి, అక్కడ శుక్రవారం రాత్రే నెలవంక చూశామని చెబితే, "మేం శనివారం చూశాం, మా లెక్కే మేం నడుపుతాం" అని సహచరుల్లో ఒకరైన ఇబ్న్ అబ్బాస్ జవాబిచ్చారు. ఎక్కడి చూపు అక్కడే అన్నవాళ్లు ఆ మాటను ఆధారం చేసుకున్నారు. ఒకచోట కనిపిస్తే అందరికీ చెల్లుతుందన్నవాళ్లూ ఉన్నారు. తుర్కియే (టర్కీ) ఖగోళ లెక్కలతో ముందే తేదీ ప్రకటిస్తుంది. అమెరికాలో ఒకే ఊళ్లో ఒక మసీదు లెక్క ప్రకారం, ఇంకో మసీదు చూపు ప్రకారం రెండు రోజుల్లో పండగ చేసుకోవడం అక్కడి మన బంధువులు చెప్పేదే. చంద్రుడు ఏ క్షణాన ఎక్కడుంటాడో సెకన్లతో సహా చెప్పగల రోజుల్లో ఇంకా మేడెక్కడం ఎందుకని మా అబ్బాయి అడుగుతాడు. వాడి వాదనలో బలం ఉంది, అలా వాదించే పండితులూ ఉన్నారు. నేను మాత్రం చూపు వైపే. నెలంతా తలవంచి చేసిన పని ఒకసారి తలెత్తి ఆకాశాన్ని చూడటంతో పూర్తవడం నాకు ఇష్టం. ఇక్కడ ప్రభుత్వాలు కూడా సెలవుల జాబితాలో రంజాన్ పక్కన చంద్రదర్శనాన్ని బట్టి మారొచ్చని రాస్తాయి. తెలంగాణలో పండగ మర్నాడూ సెలవే.

నమాజుకు ముందు తీర్చాల్సిన బాకీ

కబురు రాగానే చాంద్ రాత్, పండగ ముందు రాత్రి. చార్మినార్ చుట్టూ, లాడ్ బజార్ గాజుల కొట్ల దగ్గర, పత్తర్‌గట్టిలో ఆ రాత్రి కాలు పెట్టే సందుండదు. టీవీలు చూపించేది అదే. ఆ రాత్రి ఇళ్లలో జరిగే ఇంకో పని కెమెరాలకు కనపడదు, కనపడకూడదు కూడా.

అది ఫిత్రా. జకాత్‌తో దీన్ని కలిపేస్తుంటారు, రెండూ వేరు. జకాత్ ఆస్తి మీద: ఏడాది పాటు చేతిలో నిలిచిన బంగారం, వెండి, డబ్బు, సరుకు ఒక హద్దు దాటితే అందులో రెండున్నర శాతం. ఆ హద్దు బంగారంలో ఏడున్నర తులాలు, వెండిలో యాభై రెండున్నర తులాలు. అది ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, పుణ్యం ఎక్కువని రంజాన్‌లో ఇస్తారు. ఫిత్రా తలల మీద. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తలలకు, ఒక్కో తలకు ఇంతని తిండిగింజలు, లేదా వాటి విలువ. ప్రవక్త మాటగా సహచరుడు ఇబ్న్ ఉమర్ చెప్పిన ఉల్లేఖనంలో, ఆడా మగా, చిన్నా పెద్దా, స్వతంత్రుడూ బానిసా అని చూడకుండా ప్రతి ఒక్కరి మీదా ఒక సా ఖర్జూరం, లేదా ఒక సా బార్లీ అని ఉంది. సా అంటే పాత కొలత. మన కుంచం, మానిక లాంటిది. జనం నమాజుకు బయల్దేరకముందే ఇచ్చేయాలని కూడా అందులోనే ఉంది. నమాజు అయ్యాక ఇస్తే అది మామూలు దానమే, ఫిత్రా కాదని ఇంకో ఉల్లేఖనం.

ఎందుకంత తొందర? ఇబ్న్ అబ్బాస్ మాటలో రెండు కారణాలున్నాయి. ఉపవాసంలో నోరు జారిన మాటలకు అది ప్రక్షాళన, పేదలకు తిండి. పండగ రోజు ఎవరూ పస్తు ఉండకూడదు, చేయి చాచే పని పడకూడదు. అందుకే గడువు పొద్దుటి నమాజు. చాలామంది రెండు మూడు రోజులు ముందే ఇస్తారు, అందుకున్నవాళ్లు కూడా బజారుకు వెళ్లి కొనుక్కోవడానికి వ్యవధి ఉండాలి కదా.

మా ఇంట్లో ఈ లెక్క నాయన వేసేవాడు. ఒక ఏడాది చాంద్ రాత్ నాడే మా అన్నకు కూతురు పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పాత నోటు పుస్తకంలో "ఏడుగురం" అని రాసుకుంటున్నాడు. గుమ్మం దగ్గర ఎండు ఖర్జూరాలు చీలుస్తున్న జేజి తల ఎత్తకుండానే, "ఏడు కాదు నాయనా, ఎనిమిది. ఆ పసిదాన్ని ఎవురు లెక్కేస్తారు?" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. హనఫీ సంప్రదాయంలో పండగ నాటి తెల్లవారుజాముకు ముందు పుట్టిన బిడ్డకూ ఫిత్రా ఇవ్వాలి. ఒక్క రోజా ఉండని, ఇంకా పేరైనా పెట్టని ఆ పిల్ల తరఫున, ఎక్కడో ఒక ఇంటికి గింజలు వెళ్లాయి.

ఎంత ఇవ్వాలన్నది మరో ముడి. హనఫీల్లో గోధుమ అయితే అర సా చాలు. మన వైపు చాలామంది దాన్ని కిలో ముప్పావుగా కొలుస్తారు, లెక్కగట్టే పద్ధతిని బట్టి కొద్దిగా మారుతుంది. బార్లీ, ఖర్జూరం, ఎండుద్రాక్ష అయితే పూర్తి సా, అంటే దానికి రెట్టింపు. ఎనిమిది మంది ఇంటికి గోధుమ లెక్కన 14 కిలోల విలువ. అదే ఇల్లు ఖర్జూరం లెక్క కడితే 28 కిలోల ఖర్జూరం విలువ. రెండింటి మధ్య తేడా ఎంతో కొట్టుకు వెళ్లినవాళ్లకు తెలుసు. అందరూ అన్నిటికన్నా చవకైన గోధుమ లెక్కే పట్టుకోవడం నాకు నచ్చదు. కలిగినవాళ్లు ఖర్జూరం లెక్కనో, ఎండుద్రాక్ష లెక్కనో ఇవ్వాలని ఉలేమాలు చెబుతూనే ఉన్నారు. పెళ్లి విందులకు వెనకాడని ఇళ్లు ఇక్కడ మాత్రం కనీసం దగ్గరే ఎందుకు ఆగిపోతాయో ఆలోచించాలి.

హైదరాబాద్‌లోనే బార్కస్‌కు వెళ్తే లెక్క మారుతుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడ ఉంది. వాళ్లది షాఫయీ సంప్రదాయం. అందులో డబ్బు కుదరదు, ఆ ప్రాంతంలో తినే గింజలే ఇవ్వాలి, మన దగ్గరైతే బియ్యం. ఇవ్వాల్సినవాళ్లు ఎవరన్నదీ మారుతుంది. హనఫీల్లో నిసాబ్ అనే ఆస్తి హద్దు ఉన్నవాడికే ఫిత్రా తప్పనిసరి. షాఫయీల్లో పండగ రోజుకూ ఆ రాత్రికీ సరిపడా తిండి పోను ఇంకేమైనా మిగిలి ఉంటే చాలు, ఇవ్వాలి. అంటే పక్కవాడి దగ్గర ఫిత్రా తీసుకున్న పేదవాడే, తన దగ్గర మిగిలితే, ఇంకొకరికి ఫిత్రా ఇచ్చేవాడవుతాడు. ఇచ్చే చేయి ఎలా ఉంటుందో ఏడాదికి ఒక్కసారైనా అతనికీ తెలుస్తుంది.

పొద్దున

స్నానం, ఉన్నవాటిలో మంచి బట్టలు, అత్తరు, సుర్మా. బయల్దేరే ముందు ఏదైనా తీపి తినాలి, ఖర్జూరాలైతే బేసి సంఖ్యలో. బక్రీద్‌కు దీనికి ఎదురు, నమాజు అయ్యేదాకా తినకుండా ఉండటం మంచిదంటారు. ఒక దారిన వెళ్లి, ఇంకో దారిన రావడం ప్రవక్త అలవాటు. హైదరాబాద్‌లో మీర్ ఆలం ఈద్గాకు, మక్కా మసీదుకు పొద్దున్నే జనం కదులుతారు.

ఈద్ నమాజుకు అజాన్ ఉండదు. రెండు రకాతులు, అంటే నమాజులో రెండు ఆవృత్తులు. జుమ్మా (శుక్రవారం) నాడు ముందు ఖుత్బా (ప్రసంగం), తర్వాత నమాజు అయితే, ఇక్కడ ముందు నమాజు, తర్వాత ఖుత్బా. అదనపు తక్బీర్లు (అల్లాహు అక్బర్ అనడం) దీని ప్రత్యేకత, హనఫీల్లో ఆరు, షాఫయీల్లో మొదటి రకాత్‌లో ఏడు, రెండో దాంట్లో ఐదు. ఏడాదికి రెండుసార్లే వచ్చే నమాజు కాబట్టి, మొదలయ్యే ముందు ఇమామ్ సాబ్ మైకులో చెబుతారు: మొదటి రకాత్‌లో రెండుసార్లు చేతులెత్తి వదిలేయండి, మూడోసారి ఎత్తి కట్టుకోండి, రెండో రకాత్‌లో మూడుసార్లూ వదిలేయండి, నాలుగో తక్బీర్‌కు రుకూలోకి (నడుం వంచి) వెళ్లండి. మా ఊళ్లో ఈ మాటలు తెలుగులోనే చెబుతారు. ఇళ్లలో తెలుగే మాట్లాడుకునే దూదేకులవాళ్లు ఎక్కువగా ఉన్న పల్లెలకు అదే సహజం.

ఆడవాళ్ల విషయంలో మాత్రం మనం వెనకబడ్డామనే నా అభిప్రాయం. ఈద్గాకు ఆడవాళ్లనూ, యువతులనూ తీసుకురమ్మని ప్రవక్త చెప్పినట్టు సహచరురాలు ఉమ్మె అతియా ఉల్లేఖనం ఉంది. కేరళలో కుటుంబాలతో ఈద్గాకు వెళ్తారు. మన వైపు చాలా ఊళ్లలో ఆ ఏర్పాటే లేదు. మా అమ్మ జన్మలో ఒక్క ఈద్ ఖుత్బా వినలేదు, నమాజు జరుగుతున్నంతసేపూ పొయ్యి దగ్గరే ఉండేది.

నమాజు అయ్యాక ఆలింగనాలు, కబరస్తాన్‌కు వెళ్లి పెద్దల సమాధుల దగ్గర ఫాతిహా ప్రార్థన, ఇంటికి రాగానే పిల్లల ఈదీ (పండగ డబ్బులు). తర్వాత షీర్ ఖుర్మా. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం, రెండూ ఫార్సీ మాటలు. హలీమ్ ఈ పండగ వంట అనుకుంటారు చాలామంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ ఉపవాసాల నెల వంటకం. పండగ రావడంతో దాని బట్టీలు చాలావరకు చల్లారతాయి. పండగది షీర్ ఖుర్మాయే. రాత్రే నానబెట్టి సన్నగా చీల్చిన ఎండు ఖర్జూరం, నేతిలో వేయించిన సన్న సేమియా, సారపప్పు, బాదం, పిస్తా, పొయ్యి మీద గంటలకొద్దీ మరిగి చిక్కబడ్డ పాలు. సేమియా ఎప్పుడు వేయాలన్నదే అందులో పనితనం. ముందే వేస్తే ముద్దవుతుంది, చివర్లో వేసి రెండు పొంగులు రాగానే దించాలి. అందుకే ఇంటి మగవాళ్లు ఈద్గా నుంచి మళ్లారన్న కబురు వచ్చాకే మా అమ్మ సేమియా గిన్నె అందుకునేది.

ఒకరోజు పండగతో అందరికీ అయిపోదు. షవ్వాల్ నెలలో ఇంకో ఆరు రోజాలు ఉంటే ఏడాదంతా ఉపవాసం ఉన్నట్టేనని హదీసు (ప్రవక్త మాట). ఒక మంచిపనికి పదింతల ఫలం చొప్పున ముప్ఫై ఆరుకు 360. ఇవి తప్పనిసరి కావు, ఇష్టమున్నవాళ్లు ఉంటారు. మా జేజి పండగ మర్నాడే మొదలుపెట్టేది. రంజాన్‌లో సహరీకి (రోజాకు ముందు తినే భోజనానికి) వీధంతా లేచి ఉండేది, మసీదు మైకు నిమిష నిమిషానికీ టైము చెప్పేది. ఆ తెల్లవారుజామున మైకు ఉండదు, ఎవరూ లేవరు. కట్టెల పొయ్యి వెలుగులో ఆమె ఒక్కతే కూర్చుని, నిన్నటి షీర్ ఖుర్మా గిన్నె అడుగు గరిటెతో తుడుచుకుని తినేది.